పైసలు ఎవరివి, ప్రశ్న ఎవరిది

1987లో హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక అధ్యయనం మొదలైంది. కొత్త మందు లేదు, సూది లేదు. ఉన్నదల్లా ఉప్మా. మొక్కజొన్న, సోయా కలిపిన పిండిని సోయా నూనెతో వండి, 15 పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్‌వాడీలో పెట్టేవారు. మిగతా 14 పల్లెలకు ఐసీడీఎస్ పథకం అప్పటికింకా చేరలేదు. సర్కారు పథకం విడతలవారీగా వస్తుంది కాబట్టి ఎలాగూ కొన్ని ఊళ్లకు ముందు, కొన్నిటికి వెనక. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే మన ఎన్‌ఐఎన్, ఆ వెనకాముందుల తేడానే ఆధారం చేసుకుని 1990 దాకా ఆ ఊళ్లలో పుట్టిన పిల్లల బరువులు తూచి రాసి పెట్టుకుంది.

పదిహేనేళ్లు గడిచాక పరిశోధకులు మళ్లీ ఆ పల్లెలకే వెళ్లారు. పసిపిల్లలు అప్పటికి పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవాళ్లయ్యారు. వెయ్యిమందికి పైగా పిల్లల్ని వెతికి పట్టుకుని ఎత్తు కొలిచారు, రక్తం తీశారు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువగా ఉన్నారు. ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. రక్తనాళాల బిరుసుదనం తక్కువగా ఉంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితం అచ్చయింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన కొత్తలో అందిన కాస్త తిండి, పెద్దయ్యాక షుగర్, గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చని తెలిసింది మన అంగన్‌వాడీల దగ్గరే.

ఆ అధ్యయనం అక్కడితో ఆగలేదు. తల్లిదండ్రుల్ని, తోబుట్టువుల్ని కూడా కలుపుకుని పెద్దదైంది. తర్వాతి దశలకు ఆరోగ్య పరిశోధనకు నిధులిచ్చే లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ డబ్బు వచ్చింది, బ్రిటన్ విశ్వవిద్యాలయాల వాళ్లు ఎన్‌ఐఎన్‌తో కలిసి పనిచేశారు. పేద దేశాల సమస్యల మీద విశ్వవిద్యాలయాలు చేసే పరిశోధనకు డబ్బు ఎలా వస్తుందో అర్థం చేసుకోవాలంటే నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ఊళ్లు ఇక్కడివి. తిండి సర్కారుది. ప్రశ్న ఇక్కడి డాక్టర్ల బుర్రలో పుట్టింది. ఇరవై ఏళ్ల పాటు వెనక్కి వెళ్లి చూసే ఓపికకు కావాల్సిన పైకం మాత్రం చాలావరకు సముద్రం అవతలి నుంచి రావాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా పనిచేశాను. ఒక విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి నడిచిన నీటి ప్రాజెక్టు అది. ఆ నాలుగేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. పేపర్లో "పరిశోధనకు ఇన్ని కోట్లు" అని వచ్చినప్పుడు ఆ అంకె కన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి. ప్రశ్న ఎవరు రాశారు? ఆ డబ్బు ఎన్నేళ్లు నిలుస్తుంది?

సాయం లెక్కలోకి ల్యాబు ఎలా వచ్చింది

ధనిక దేశాలు తమ జాతీయ ఆదాయంలో 0.7 శాతం పేద దేశాలకు సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో లక్ష్యం పెట్టింది. ఏది సాయం కింద లెక్కకొస్తుంది, ఏది రాదు అన్నది తేల్చేది ధనిక దేశాల కూటమి ఓఈసీడీలోని ఒక కమిటీ. దాన్ని డాక్ అంటారు. ఆ కమిటీ నియమం ప్రకారం, అభివృద్ధి చెందుతున్న దేశాల సమస్యలకు నేరుగా సంబంధించిన పరిశోధన అయితే, అది కేంబ్రిడ్జ్‌లోని ల్యాబులో జరిగినా సాయమే. అంటే ఒక దేశం తన సొంత విశ్వవిద్యాలయానికి ఇచ్చిన డబ్బును కూడా పేద దేశానికి చేసిన సాయంగా చూపుకోవచ్చు. ఇందులో దొంగతనమేమీ లేదు, నియమం బహిరంగంగానే ఉంది. కానీ "భారత్‌కు సాయం" అని చదివినప్పుడు మన కళ్లకు కనిపించే బొమ్మ వేరు, ఆ రూపాయి నిజంగా తిరిగే దారి వేరు.

బ్రిటన్ ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. భారత్‌కు నేరుగా ఆర్థిక సాయం 2015 నాటికి ఆపేస్తామని 2012లో ప్రకటించింది. 2014లో న్యూటన్ ఫండ్ మొదలుపెట్టింది, మన దగ్గర దాన్ని న్యూటన్-భాభా అన్నారు, అందులో మన ప్రభుత్వం కూడా తన వాటా పెట్టింది. 2016 నుంచి 2021 దాకా గ్లోబల్ చాలెంజెస్ రీసెర్చ్ ఫండ్ పేరిట 150 కోట్ల పౌండ్లు కేటాయించింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నడిపిన టైగ్రెస్ అనే వ్యవసాయ ప్రాజెక్టు ఆ డబ్బుతోనే 2018లో మొదలైంది. మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అందులో భాగస్వామి.

అమెరికా దారి ఇంకా పాతది. 1975లో వాళ్ల విదేశీ సాయం చట్టంలో ఒక అధ్యాయం చేర్చి, వ్యవసాయ విశ్వవిద్యాలయాలను ఆకలి సమస్య మీద పనిచేయించే ఏర్పాటు చేశారు. అదే తర్వాత అమెరికా విదేశీ సాయం పంచే సంస్థ యూఎస్ఎయిడ్ ఇన్నోవేషన్ ల్యాబులుగా మారింది. జొన్న, సజ్జల ల్యాబు కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, వేరుశనగ ల్యాబు జార్జియాలో పెట్టారు. పాలమూరు రైతు పొలంలో ఉండే పంటలకు కాన్సాస్‌లో ల్యాబు ఎందుకంటే, కాన్సాస్ రైతు కూడా జొన్న వేస్తాడు. చీడ ఇక్కడ ముందు తెలిస్తే అక్కడ మేలు. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నచోట నాకు అభ్యంతరం లేదు. చెప్పుకుంటే చాలు.

కెనడా మాత్రం మొదటినుంచీ వేరే పద్ధతి పట్టింది. 1970లో ఐడీఆర్‌సీ అనే సంస్థను పెట్టి, డబ్బును పేద దేశాల్లో ఉన్న పరిశోధకుల చేతికే ఇవ్వడం మొదలుపెట్టింది. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, చెక్కు మీద ఎవరి పేరుందో వాళ్లే ప్రశ్న రాస్తారు కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

నూరు డాలర్లు ఎక్కడ ఆగుతాయి

మాలాంటి చోట్ల అందరి నోట్లో నలిగే మాట ఓవర్‌హెడ్. ప్రాజెక్టు ఖర్చు కాకుండా భవనం, కరెంటు, అకౌంట్స్ సెక్షన్, లైబ్రరీ వంటి వాటికి సంస్థ తీసుకునే వాటా. అమెరికాలో పెద్ద విశ్వవిద్యాలయాలు చాలావాటికి ప్రభుత్వంతో మాట్లాడుకున్న ఓవర్‌హెడ్ రేటు 50 శాతం దాటి ఉంటుంది. అదే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ గ్రాంట్లలో విదేశీ సంస్థకు దక్కేది 8 శాతం. అంటే ల్యాబులో ఖర్చయ్యే ప్రతి 100 డాలర్లకు అక్కడి విశ్వవిద్యాలయానికి పైన మరో 50 చిల్లర వస్తే, ఇక్కడి సంస్థకు పైన వచ్చేది 8. ఫ్రీజర్ అక్కడ తినే కరెంటే ఇక్కడా తింటుంది. మైనస్ 80 డిగ్రీల్లో ఉంచాల్సిన శాంపిళ్లకు మే నెల హైదరాబాద్‌లో ఇంకాస్త ఎక్కువే తింటుంది. ఆ బిల్లు ఎవరు కడతారు? డిపార్ట్‌మెంటు. డిపార్ట్‌మెంటుకు డబ్బెక్కడిది? పాఠం చెప్పడానికి ఇచ్చిన దాంట్లోంచి.

డబ్బు వచ్చాక కథ ఇంకోటి. మన ప్రభుత్వ గ్రాంట్లయితే ఏడాది చివర యూటిలైజేషన్ సర్టిఫికెట్, అందరూ యూసీ అంటారు, దాంతో పాటు ఖర్చుల పట్టిక పంపాలి. అవి అందితే గానీ తర్వాతి విడత రాదు. మార్చి నెలలో నేను ఫైల్ పట్టుకుని ఫైనాన్స్ సెక్షన్ ముందు ఎన్ని రోజులు నిలబడ్డానో. ఒక ఏడు మా మొదటి విడత జనవరిలో వచ్చింది, మార్చి 31 లోపు ఖర్చు చూపాలన్నారు. ఆ మూడు నెలల్లో టెండరు పిలవాలి, కొటేషన్లు తేవాలి, పరికరం రావాలి, బిల్లు పాసవాలి. కెమికల్స్ కొన్నాం, పరికరం కొనలేకపోయాం. మిగిలింది వెనక్కి పోయింది. ఇది ఏ ఒక్క ఆఫీసు తప్పూ కాదు, అందరూ నియమం ప్రకారమే చేశారు. రీసెర్చ్ స్కాలర్లు ఆర్నెల్లకోసారి ఫెలోషిప్ అందుకోవడమూ ఈ లెక్కలోదే. జేఆర్ఎఫ్‌ను, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను, 2023లో నెలకు 31 వేల నుంచి 37 వేలకు పెంచారు, మంచిదే. కానీ ఇంటి అద్దె ప్రతి నెలా ఒకటో తారీఖున కట్టాలి.

విదేశీ డబ్బుకు మరో గడప ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. చట్టం ద్వారా ఏర్పడి కాగ్ ఆడిట్ జరిగే విశ్వవిద్యాలయాలకు మినహాయింపు ఉంది. కానీ ఊళ్లో పనిచేసేది ఎక్కువగా చిన్న స్వచ్ఛంద సంస్థలు. పెద్ద సంస్థ డబ్బు తెచ్చి, మండలంలో పదేళ్లుగా తిరుగుతున్న చిన్న సంస్థకు కొంత ఇచ్చి పని చేయించుకునే పద్ధతి దీంతో మూతపడింది. లెక్కలు గట్టిగా ఉండాలన్న ఉద్దేశం సరైనదే. దెబ్బ తగిలింది మాత్రం ఊరి భాష తెలిసిన వాళ్లకు.

పాలమూరు, నల్గొండ రైతుల్ని అడిగిన రోజులు

మామూలుగా ప్రశ్న ఎలా పుడుతుంది? నిధి ఇచ్చే సంస్థ ఒక పిలుపు విడుదల చేస్తుంది. "వాతావరణ మార్పు", "యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులు" వంటి శీర్షికలు అందులో ముందే ఉంటాయి. ఆరు వారాల గడువు. అక్కడి ప్రొఫెసర్ ఇక్కడి ప్రొఫెసర్‌కు ఈమెయిల్ పెడతారు, మీ దగ్గర ఫీల్డ్ సైట్ ఉందా అని. ఉందని మనం అంటాం. ఆ ఊరివాళ్లకు తమ ఊరు ఫీల్డ్ సైట్ అయిందని తెలిసేది ఏడాది తర్వాత.

దీనికి పూర్తిగా తలకిందులైన ప్రయత్నం ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. ఇప్పుడు ఎవరూ దాని మాట ఎత్తడం లేదు గనక ఇక్కడ కాసేపు ఆగుతాను. 1990ల మధ్యలో నెదర్లాండ్స్ ప్రభుత్వం మెట్ట వ్యవసాయానికి పనికొచ్చే బయోటెక్నాలజీ కోసం నిధి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ నెదర్లాండ్స్ బయోటెక్నాలజీ ప్రోగ్రాం అని పేరు. ఆఫీసు ఉస్మానియా క్యాంపస్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్‌లో. డబ్బు డచ్చి వాళ్లది. ఏ ప్రాజెక్టుకు ఇవ్వాలో నిర్ణయించే కమిటీ మాత్రం ఇక్కడిది. మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలను ఎంచుకుని ముందు రైతుల్నీ, స్వచ్ఛంద సంస్థల్నీ, శాస్త్రవేత్తల్నీ ఒకచోట కూర్చోబెట్టి మీ బాధలేంటని అడిగారు.

అప్పటికి బయోటెక్నాలజీ అంటే ప్రపంచమంతా జన్యుమార్పిడి పత్తి గురించే మాట్లాడుతోంది. ఇక్కడ కూర్చున్న రైతుల ఆముదం, జొన్న, కంది, వేరుశనగల గురించి కంపెనీలకు ఆసక్తి లేదు, వాటి విత్తనంలో లాభం లేదు. అందుకే ఆ కార్యక్రమం జాబితా చూస్తే ఒక పక్క ఆముదం, జొన్నల మీద జన్యు పరిశోధన, ఇంకో పక్క జీవన ఎరువులు, వర్మీకంపోస్టు, టిష్యూకల్చర్ మొక్కలు, పశువుల టీకాలు పక్కపక్కనే కనిపిస్తాయి. వర్మీకంపోస్టును బయోటెక్నాలజీ అంటారా అని అప్పట్లో ముఖం చిట్లించిన వాళ్లు ఉండే ఉంటారు. అడిగింది రైతు. ఆయనకు కావాల్సింది అదే.

జన్యు పరిశోధన వైపు మొదలుపెట్టిన వాటిలో చాలావాటికి పొలం చేరేంత సమయం దొరకలేదు, ఒక రకం విత్తనం ల్యాబు నుంచి చేనుకు చేరడానికి పదేళ్లు తక్కువ. 2007లో డచ్చి నిధి ముగిసింది. ఆ అనుభవం రాజేంద్రనగర్‌లో అగ్రి బయోటెక్ ఫౌండేషన్ రూపంలో కొనసాగింది. అయినా నాకు అందులో విలువైనదిగా తోచేది ఫలితాల పట్టిక కాదు. పరాయి దేశం డబ్బిచ్చి, తీర్పు మన చేతిలో పెట్టింది. అది సాధ్యమేనని ఉస్మానియా క్యాంపస్‌లో పన్నెండేళ్లు నడిపి చూపించారు.

ఇక్రిశాట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1972లో పటాన్‌చెరులో పెట్టారు. వరి, గోధుమలకు హరిత విప్లవం వచ్చాక మిగిలిపోయిన పంటలు దాని బాధ్యత. శనగలో జేజీ-11 రకం గురించి కర్నూలు, ప్రకాశం రైతుల్ని అడగండి. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి తెచ్చిన రకం, 1999లో విడుదలైంది. తొందరగా కోతకొస్తుంది, ఎండు తెగులును తట్టుకుంటుంది. నల్లరేగడిలో చలికాలపు పంటగా అది పాతుకుపోయింది. అంతర్జాతీయ సంస్థ దగ్గరున్న విత్తన సంపద, రాష్ట్ర విశ్వవిద్యాలయానికి తెలిసిన నేల, రెండూ కలిస్తేనే అది కుదిరింది.

ముప్పై ఏళ్ల డోసు

రోటావైరస్ విరేచనాల టీకా రోటావాక్ హైదరాబాద్‌లో తయారవుతుంది. 1985-86లో ఢిల్లీ ఎయిమ్స్ నవజాత శిశువుల వార్డులో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ బృందం ఒక వింత గమనించింది. పిల్లలకు రోటావైరస్ సోకింది గానీ విరేచనాలు లేవు. పైగా ఆ పిల్లలకు తర్వాత తీవ్రమైన జబ్బు రాలేదు. ఆ వైరస్‌నే 116ఈ అని పేరుపెట్టి టీకాగా మార్చాలనుకున్నారు. 1987లో మొదలైన భారత్-అమెరికా టీకా కార్యక్రమం కింద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఎన్‌ఐహెచ్, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చేయి కలిపాయి. బయోటెక్నాలజీ శాఖ డబ్బు పెట్టింది, గేట్స్ ఫౌండేషన్ పెట్టింది, అమెరికాకు చెందిన ఆరోగ్య స్వచ్ఛంద సంస్థ పాత్ నడిపించింది, భారత్ బయోటెక్ తన వాటా పెట్టి తయారు చేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసివాళ్లతో పరీక్ష జరిగింది. మొదటి ఏడాదిలో రోటావైరస్ వల్ల వచ్చే తీవ్రమైన విరేచనాలను 56 శాతం తగ్గించిందని 2013లో తేలింది. 2015లో విడుదలైంది. 2016లో ప్రభుత్వ టీకాల జాబితాలోకి వచ్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. డోసు ఒక డాలరుకే ఇస్తామని కంపెనీ ముందే మాటిచ్చింది.

ఎయిమ్స్ వార్డు నుంచి ఊళ్లో ఏఎన్ఎం చేతికి రావడానికి ముప్పై ఏళ్లు. మూడేళ్ల గ్రాంట్లు వరసగా పది అతికితే ఆ కాలం. మధ్యలో ఏ ఒక్కటి తెగినా 116ఈ ఏదో ఫ్రీజర్‌లో గడ్డకట్టి ఉండేది.

మలేరియాకైతే ఇంకా ఎక్కువ పట్టింది. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది సికింద్రాబాద్‌లో. బేగంపేటలోని ఆ భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉంది. మలేరియాకు మొదటి టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 2021లో. 124 ఏళ్లు. ఆ జీవి మహా జిత్తులమారి, రూపాలు మారుస్తుంది, అది నిజం. కానీ ఆరోగ్య పరిశోధన ఖర్చులో పదో వంతు కూడా లోకంలోని జబ్బుల భారంలో తొమ్మిది పదో వంతులు మోసే జనం సమస్యల మీద పెట్టడం లేదని 1990లో ఒక అంతర్జాతీయ కమిషన్ చెప్పాక, 10/90 అన్న మాటే వాడుకలోకి వచ్చింది. ఆలస్యానికి అదీ ఒక కారణమే.

టైఫాయిడ్ టీకా కథలో నాకు ఇష్టమైన ఒక మలుపుంది. భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ పనిచేస్తుందో లేదో త్వరగా తెలుసుకోవడానికి, ఆక్స్‌ఫర్డ్‌లో నూరుమందికి పైగా వలంటీర్లు కావాలని టైఫాయిడ్ బాక్టీరియా కలిపిన ద్రవం తాగారు. 2017లో ఆ ఫలితం వచ్చింది, అదే ఏడాది చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది. మన టీకా కోసం బ్రిటన్ ఆరోగ్యవంతులు జ్వరం తెచ్చుకున్నారు. ఎప్పుడూ ఇటువైపే ఉండే ప్రమాదం ఆ ఒక్కసారి అటు వెళ్లింది.

ఇటువైపు ఉన్నప్పుడు ఏమవుతుందో ఖమ్మం చూసింది. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా మీద పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ సహకారంతో అధ్యయనం చేసింది. గేట్స్ ఫౌండేషన్ నిధి. ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేలమంది ఆడపిల్లలకు టీకా వేశారు, గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే, నా కూతురికి వేయిస్తాను. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సమ్మతి పత్రాలు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం చాలా కటువుగా తప్పుబట్టింది. ఒక మంచి టీకా మీద జనానికి ఏళ్ల తరబడి అనుమానం మిగిలిపోయింది. ఆ పిల్లల తల్లిదండ్రుల దగ్గరికి కోయ భాష తెలిసిన ఒక మనిషిని పంపి, కూర్చుని చెప్పడానికి ఎంత ఖర్చయ్యేది?

కుళాయి కట్టేసినప్పుడు

2020 నవంబరులో బ్రిటన్ తన సాయాన్ని 0.7 నుంచి 0.5 శాతానికి తగ్గిస్తామంది. 2021 మార్చిలో అక్కడి పరిశోధన నిధి సంస్థ యూకేఆర్‌ఐ విశ్వవిద్యాలయాలకు ఉత్తరం రాసింది. ఇప్పటికే మాటిచ్చిన ప్రాజెక్టులకూ చేతిలో ఉన్న డబ్బుకూ మధ్య 12 కోట్ల పౌండ్ల లోటుందని. సంతకాలయిన ప్రాజెక్టుల్ని మధ్యలో కోయాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఇంకో ప్రకటన, 2027కల్లా 0.3 శాతానికి దిగుతామని.

అమెరికా సంగతి ఇంకా వేగంగా జరిగింది. 2025 జనవరి 20న విదేశీ సాయం నిలిపివేత ఉత్తర్వు వచ్చింది. వారాల్లోనే ఇన్నోవేషన్ ల్యాబులకు నోటీసులు. జులై 1కల్లా యూఎస్ఎయిడ్ అన్న సంస్థే లేదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఒక్కటే అమెరికాలో, బయటి దేశాల్లో కలిపి 2 వేలకు పైగా ఉద్యోగాలు తీసేసింది. మే నెలలో ఎన్‌ఐహెచ్ విదేశీ భాగస్వాములకు ఉప-గ్రాంట్లు ఇచ్చే పాత పద్ధతిని ఆపేసింది.

మా ప్రాజెక్టు కూడా అలాంటి ఒక ఈమెయిల్‌తోనే ముగిసింది. పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు, ఆ ప్రొఫెసర్ ఫోన్లో ఏడ్చినంత పని చేశారు. నల్గొండ జిల్లాలో ఒక మండలం మా ఫీల్డ్. మూత్రంలో ఫ్లోరైడ్ ఎంతుందో మూడేళ్లు వరసగా కొలవాలి, నది నీళ్లు కుళాయికి వచ్చాక తగ్గుతోందో లేదో చూడాలి. రెండో ఏడాది ఒక పెద్దమ్మ నన్ను గడపలోనే నిలబెట్టి అడిగింది. "పోయినసారి మూత్రం పట్టుకపోయిన్రు గద బిడ్డా, మా రిపోర్టేది?" నా దగ్గర జవాబు లేదు. మా బడ్జెట్‌లో శాంపిల్ సీసాలకు హెడ్, అంటే ఖర్చు పద్దు, ఉంది, సదస్సులకు ప్రయాణానికి హెడ్ ఉంది. రిపోర్టు ఇంటికి చేర్చడానికి హెడ్ లేదు. మూడో ఏడాది రానే రాలేదు.

ఫ్లోరైడ్ మీద పరిశోధన తక్కువ జరగలేదు. 1937లోనే మద్రాస్ రాష్ట్రంలో, మన నెల్లూరు వైపు, ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఎముకల జబ్బు గురించి డాక్టర్లు రాశారు. 1973లో ఎన్‌ఐఎన్ వాళ్లు ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కుర్రవాళ్ల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి కనిపెట్టింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లో కూడా వాడి చూశారు. బకెట్టు నీళ్లలో పటిక కొలిచి వేసి, కలిపి, గంటసేపు తేరనిచ్చి, పైతేట వంపుకోవాలి. కూలికి పోయే ఇంట్లో ప్రతి పొద్దునా అది ఎవరు చేస్తారు? టెక్నిక్ పేరు ఆఫ్రికా దాకా పోయింది, నల్గొండ మాత్రం నలభై ఏళ్లు ఆ బోరునీళ్లే తాగింది. చివరికి మార్చింది మిషన్ భగీరథ పైపులు. 2015లో చౌటుప్పల్‌లో దాని పైలాన్‌కు శంకుస్థాపన చేశారు. పైపు వేసింది సర్కారు డబ్బు. పరిశోధన లేకపోతే పైపు ఎందుకో తెలిసేది కాదు, పైపు లేకపోతే పరిశోధన కాగితం మీదే ఉండేది.

మన పర్సు

ఇక మన సొంత డబ్బు. 2020-21 లెక్కల ప్రకారం పరిశోధన మీద దేశం పెట్టిన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. అందులో ఉన్నత విద్యాసంస్థల వాటా పదో వంతు కూడా లేదు. అంటే విశ్వవిద్యాలయాల్లో పిల్లలున్నారు, గురువులున్నారు, ప్రశ్నలున్నాయి, ల్యాబులో గ్యాస్ సిలిండర్ లేదు. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు ఐదేళ్లలో 50 వేల కోట్లన్నారు. అందులో కేంద్రం పెట్టేది 14 వేల కోట్లు, మిగతాది ఎక్కువగా ప్రైవేటు రంగం నుంచి రావాలి. ప్రైవేటు కంపెనీ ఆముదం మీద, ఫ్లోరైడ్ మీద డబ్బు పెడుతుందని నేననుకోను. పెట్టాల్సిన అవసరం వాళ్లకు లేదు కూడా. కాబట్టి ఆ 14 వేల కోట్లలో రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు, మన నేల మీది ప్రశ్నలకు ఎంత దక్కుతుందన్నదే నేను గమనిస్తున్నది.

ఆశ పుట్టించే ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. బయోటెక్నాలజీ శాఖ, వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్. మొదట్లో చెరిసగం. 2025 అక్టోబరులో కేబినెట్ ఆమోదించిన మూడో దశలో 1,500 కోట్లలో మన వాటా వెయ్యి కోట్లు, వాళ్లది 500 కోట్లు. మూడింట రెండు వంతులు మనవైతే షరతులు కూడా మనం పెట్టొచ్చు. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ జీతం నెలనెలా పడాలని, శాంపిల్ ఇచ్చిన ఇంటికి తెలుగులో రిపోర్టు వెళ్లాలని, దానికి బడ్జెట్‌లో ఒక హెడ్ ఉండాలని.

మా రిపోర్టులు చివరికి ఇచ్చాం. ప్రాజెక్టు మూసేశాక ఐదు నెలలకు, జీతం లేకుండానే మా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ అక్క, నేను కలిసి ఒక్కొక్కరి అంకెలు తెలుగులో టైప్ చేసి, ప్రింటు తీసుకుని వెళ్లాం. గ్రామపంచాయతీ ముందు అరుగు మీద కూర్చుని పేరు పేరునా పిలిచాం. పెద్దమ్మ తన కాగితం మనవరాలికిచ్చి చదవమంది. మొదటి ఏడాది అంకె, రెండో ఏడాది అంకె. రెండోది తక్కువ. "మరి మూడోది?" అని అడిగింది ఆ పిల్ల, కాగితం తిరగేసి చూస్తూ.